పుస్తకం రూలా, మన టేబుల్ రూలా? ఆర్పీజీ తగాదాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) లాంటి టేబుల్‌టాప్ ఆర్పీజీలు, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర అయి డైస్ వేస్తూ కథ నడిపే ఆటలు, ఆడే ఏ గ్రూపులోనైనా ఏదో ఒక రోజు "పుస్తకంలో అలా లేదు కదా" అనే మాట వినబడుతుంది. దాంతో ఆట ఆగిపోయి, ఫోన్లు బయటికొస్తాయి, ఎవరో ఒకరు మొహం మాడ్చుకుంటారు. కొత్తగా చేరినవాళ్లూ, కొత్తగా డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) కుర్చీ ఎక్కినవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ఉదాహరణలు ఎక్కువగా డీ అండ్ డీ ఐదో ఎడిషన్‌వి. అందులో 2014 పుస్తకాలు వేరు, 2024 పుస్తకాలు వేరు. చదివేటప్పుడు ఆ తేడా గమనించండి.

హౌస్ రూల్ అంటే సరిగ్గా ఏమిటి?

పుస్తకంలో ఉన్నదాన్ని మార్చో, లేనిదాన్ని చేర్చో "ఇకనుంచి మన టేబుల్ మీద ఇంతే" అని పెట్టుకున్నది హౌస్ రూల్. డీఎం అప్పటికప్పుడు ఒక సందర్భానికి చెప్పే తీర్పు రూలింగ్. మీ పాత్ర దీపాల గుత్తి పట్టుకుని ఊగి ఓగర్ అనే రాక్షసుడి నెత్తిన దూకుతానంటే పుస్తకంలో దానికి పేజీ ఉండదు. "సరే, అక్రోబాటిక్స్ రోల్ చెయ్" అని డీఎం అంటాడు. అది రూలింగ్. వచ్చే వారం ఇంకొకరు అలాగే దూకితే అదే రోల్ అడిగారనుకోండి, హౌస్ రూల్ పుట్టినట్టే. చాలా హౌస్ రూల్స్ ఇలాగే, ఎవరూ నిర్ణయించకుండానే తయారవుతాయి.

పట్టించుకోకుండా వదిలేయడం కూడా హౌస్ రూలే. 2014 పుస్తకం ప్రకారం బలం స్కోరును 15తో గుణిస్తే ఎన్ని వస్తే అన్ని పౌండ్ల సామానే మోయగలరు. ఆ లెక్క వేసే టేబుళ్లు ఎన్ని ఉన్నాయి? "మేం అచ్చంగా పుస్తకం ప్రకారమే ఆడతాం" అనేవాళ్ల సంచుల్లో కూడా మూడు కవచాలు, ఒక నిచ్చెన, రాగి నాణేల బస్తా ఉంటాయి.

ఇక పుస్తకంలోనే "కావాలంటే వాడుకోండి" అని ఇచ్చిన ఐచ్ఛిక రూల్స్ ఇంకో రకం. 2014లో శత్రువుకు రెండు వైపులా నిలబడితే అడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి పెద్ద అంకె తీసుకోవడం) ఇచ్చే ఫ్లాంకింగ్ అలాంటిదే. ఫీట్లు (పాత్రకు అదనపు ప్రత్యేక శక్తులు), మల్టీక్లాసింగ్ (ఒకే పాత్రకు ఒకటికి మించిన వృత్తులు) కూడా 2014లో ఐచ్ఛికమే అంటే చాలామంది నమ్మరు. పుస్తకం తీసి చూపించాల్సి వస్తుంది.

డీఎం ఏదైనా మార్చుకోవచ్చని పుస్తకమే చెబుతుంది కదా, ఇక గొడవ దేనికి?

చెబుతుంది. దీన్ని రూల్ జీరో అంటారు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో పాత్ర తయారీ మెట్లు సున్నా నుంచి మొదలవుతాయి. ఆ సున్నా మెట్టు ఏమిటంటే, ముందు మీ డీఎంతో మాట్లాడి వాళ్ల టేబుల్ మీద ఏయే మార్పులు ఉన్నాయో తెలుసుకోమని.

అందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ మెట్టు ఉన్న చోటు. పాత్ర తయారు చేయకముందు, డైస్ ముట్టకముందు ఉంది. గల్లీ క్రికెట్‌లో టాస్‌కి ముందే "గోడ దాటితే ఔట్, వన్ పిచ్ క్యాచ్ ఔట్" అనుకుంటారు. ఐసీసీ రూల్ బుక్‌లో అలా లేదని ఎవరూ అడగరు. బంతి గోడ దాటాక ఆ మాట అంటే మాత్రం "తొండి!" అని అరుస్తారు. ఆర్పీజీ టేబుల్ మీద జరిగేదీ అంతే. నేను చూసిన తగాదాల్లో రూల్ మంచిదా చెడ్డదా అన్నదానికంటే, డైస్ పడ్డాక మార్చారా, పడకముందు చెప్పారా అన్నదే అసలు సంగతి. చెత్త హౌస్ రూల్‌ని కూడా ముందే చెబితే జనం నవ్వుకుంటూ ఆడేస్తారు.

ఇంకో మాట. "డీఎం మార్చుకోవచ్చు కాబట్టి రూల్‌లో తప్పేం లేదు" అనే వాదన కూడా వినబడుతుంది. అది నిలవదు. మార్చుకోవాల్సి వచ్చిందంటేనే అక్కడ ఏదో తేడా ఉన్నట్టు.

ఇరవై పడితే ఏ పనైనా సక్సెస్ అయినట్టే కదా?

దాడి రోల్‌లో అవును. నేచురల్ 20 (డైస్ మీదే ఇరవై) పడితే దెబ్బ తగులుతుంది, అది క్రిట్ (దెబ్బకు వేసే డైస్ రెండింతలు) కూడా. ఒకటి పడితే తప్పుతుంది. కానీ తాళం తీయడం, గోడ ఎక్కడం, రాజుగారిని ఒప్పించడం లాంటి ఎబిలిటీ చెక్‌లలో 20కి ప్రత్యేకత లేదు. 30 రావాల్సిన చోట మీ రోల్‌కి కలిసే మోడిఫయర్ +2 మాత్రమే అయితే, 20 పడ్డా 22 అవుతుంది, పని జరగదు.

ఈ గందరగోళానికి కారణం కొంతవరకు బాల్డర్స్ గేట్ 3. 2023లో వచ్చిన ఆ వీడియో గేమ్‌లో 20 పడితే చెక్ నెగ్గినట్టే, 1 పడితే ఓడినట్టే. ఆ ఆటతో డీ అండ్ డీలోకి వచ్చినవాళ్లు దాన్నే అసలు రూల్ అనుకుంటారు, వాళ్లను తప్పుపట్టలేం. అసలు డీ అండ్ డీ తెచ్చే కంపెనీ విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ వాళ్లే 2022 ప్లేటెస్ట్‌లో (జనంతో ఆడించి చూసే పరీక్షలో) ఇదే రూల్ పెట్టి చూశారు. తర్వాత వెనక్కి తీసుకున్నారు, 2024 పుస్తకంలో అది లేదు.

"20 పడ్డా జరగని పనికి అసలు రోల్ ఎందుకు అడిగారు?" అని ఆటగాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ అందరి మోడిఫయర్లూ డీఎంకి కంఠతా రావు. పైగా బార్డ్ (గాయకుడి పాత్ర) ఇచ్చే ఇన్‌స్పిరేషన్ డైస్ తోడైతే అందని అంకె అందవచ్చు. నా మటుకు నేను 20 పడినవాడికి పని జరగకపోయినా ఏదో ఒకటి ఇస్తాను. రాజు సింహాసనం ఇవ్వడు, కానీ ఆ తెగింపుకి నవ్వి, మెడ తీయించకుండా వదిలేస్తాడు.

ఒకటి పడితే కత్తి చేజారాలి, పక్కవాడికి తగలాలి అని మా డీఎం పెట్టాడు. తప్పా?

తప్పని కాదు కానీ, ఒకసారి లెక్క చూడండి. ఐదో ఎడిషన్‌లో ఒకటి పడితే దెబ్బ తప్పుతుంది, అంతే. దానికి పైన శిక్ష వేయడం ఫంబుల్ అనే పాత హౌస్ రూల్.

ఒక్కో దాడికి ఒకటి పడే అవకాశం 5 శాతం. ఫైటర్ అనే యోధుడి పాత్రకి ఐదో లెవెల్లో రెండు దాడులు, పదకొండులో మూడు, ఇరవైలో నాలుగు. అంటే మొదటి లెవెల్ కుర్రాడు ఒక రౌండ్‌లో (అందరికీ తలా ఒక టర్న్ వచ్చే వరుసలో) కత్తి జారవిడిచే అవకాశం 5 శాతమైతే, ప్రపంచంలోనే మేటి వీరుడైన ఇరవయ్యో లెవెల్ ఫైటర్‌కి అది 18.5 శాతం. పదకొండో లెవెల్లో నాలుగు రౌండ్ల పోరాటం, అంటే పన్నెండు దాడులు లెక్కేస్తే, కనీసం ఒక్కసారైనా నవ్వులపాలయ్యే అవకాశం 46 శాతం. సాధన పెరిగేకొద్దీ చేతగానివాడవుతున్నాడు!

అదే సమయంలో మంత్రగాడైన విజర్డ్ ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం వేస్తాడు. డైస్ వేసి తప్పించుకోవాల్సింది శత్రువులు. ఆయన దాడి రోల్ చేయడు కాబట్టి ఫంబుల్ లేదు. దూరం నుంచి చూస్తే అందరికీ ఒకటే రూల్, దగ్గరికొచ్చి చూస్తే కత్తి పట్టినవాళ్ల మీద మాత్రమే పడే జరిమానా. సరదాగా ఉందని వాడాలనుకుంటే ఆ టర్న్‌లోని మొదటి దాడికే ఫంబుల్ వర్తించేలా పెట్టండి. సరదా మిగులుతుంది, లెక్క కొంత సర్దుకుంటుంది.

క్రిట్ పడితే డైస్ రెండింతలు వేసినా ఒక్కోసారి మామూలు దెబ్బకంటే తక్కువ వస్తోంది. గరిష్ఠం ఇచ్చి, పైన రోల్ చేస్తే?

బాగా వాడుకలో ఉన్న హౌస్ రూలే. రెండు చేతుల కత్తికి రెండు డీ6లు, అంటే ఆరు ముఖాల డైస్. పుస్తకం ప్రకారం క్రిట్‌కి నాలుగు డీ6లు, సగటు 14. మీ పద్ధతిలో 12కి రెండు డీ6లు కలిపితే సగటు 19. టేబుల్ ఊగిపోతుంది.

కానీ రాక్షసులకూ క్రిట్లు పడతాయి. మొదటి లెవెల్ విజర్డ్‌కి 8 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) ఉన్నాయనుకుందాం. గాబ్లిన్ కత్తి దెబ్బ ఒక డీ6, పైన 2. పుస్తకం ప్రకారం క్రిట్ పడితే రెండు డీ6లు, పైన 2. విజర్డ్ కింద పడాలంటే ఆ రెండు డైస్ కలిపి కనీసం 6 రావాలి, దానికి అవకాశం 72 శాతం. మీ పద్ధతిలో 6కి ఒక డీ6, పైన 2. తక్కువలో తక్కువ 9. విజర్డ్ కచ్చితంగా పడిపోతాడు, బతికే దారే లేదు. ఆటగాళ్ల క్రిట్లకు మాత్రమే ఈ రూల్ అని పెట్టుకుంటే గొడవ లేదు. ఇద్దరికీ ఒకటే ఉండాలని మొదట పట్టుబట్టేది ఎప్పుడూ ఆటగాళ్లే. మొదటి గాబ్లిన్ క్రిట్ దాకా.

పోషన్ తాగడం బోనస్ యాక్షన్ కదా? మా డీఎం యాక్షన్ అంటున్నాడు.

ఇద్దరూ కరెక్టే. 2014లో యాక్షన్, 2024లో బోనస్ యాక్షన్. (పోషన్ అంటే గాయం మాన్పే మందు. యాక్షన్ టర్న్‌లో చేసే ముఖ్యమైన పని, బోనస్ యాక్షన్ దానికి తోడుగా చేసే చిన్న పని.) మధ్యలో జరిగింది చూడండి. టర్న్ మొత్తం ఖర్చుపెట్టి సగటున ఏడు పాయింట్లు తాగడం ఎవరికీ నచ్చక, లెక్కలేనన్ని టేబుళ్లు సొంతంగా బోనస్ యాక్షన్ చేసుకున్నాయి. మాథ్యూ మెర్సర్ డీఎంగా నడిపిన, డీ అండ్ డీ ఆటనే చూపించే క్రిటికల్ రోల్ షోలో చూసి ఇంకా చాలామంది చేసుకున్నారు. బాల్డర్స్ గేట్ 3లోనూ అంతే. చివరికి పుస్తకమే దారికొచ్చింది. పదేళ్లు హౌస్ రూల్‌గా తిరిగింది, ఇప్పుడు అసలు రూల్.

"ఒక టర్న్‌లో ఒకే పెద్ద స్పెల్" అనేది పుస్తకంలో ఉందా?

దీని కథ ఇంకా తమాషాగా ఉంటుంది. స్పెల్ అంటే మంత్రం. పెద్ద స్పెల్ వేస్తే లెక్కగా ఉండే స్లాట్లలో ఒకటి ఖర్చవుతుంది, క్యాంట్రిప్ అనే చిన్నదానికి స్లాట్ అక్కర్లేదు. 2014లో ఉన్నది వేరు: బోనస్ యాక్షన్‌తో స్పెల్ వేస్తే ఆ టర్న్‌లో ఇంకో స్పెల్‌గా ఒక యాక్షన్ పట్టే క్యాంట్రిప్ మాత్రమే వేయొచ్చు. బోనస్ యాక్షన్ స్పెల్ జోలికి పోకపోతే ఆ పట్టింపే లేదు. రెండు లెవెళ్ల ఫైటర్ కలిపిన విజర్డ్ యాక్షన్ సర్జ్ అనే, ఇంకో యాక్షన్ ఇచ్చే శక్తితో ఒకే టర్న్‌లో రెండు ఫైర్‌బాల్‌లు వేయడం 2014లో పూర్తిగా చట్టబద్ధం. కానీ ఆ రూల్ మాటలు అంత మెలికగా ఉండటంతో, చదివినవాళ్లలో సగంమంది "టర్న్‌కి ఒక స్లాట్" అని గుర్తుపెట్టుకుని అలాగే ఆడారు.

2024 పుస్తకం ఇప్పుడు సరిగ్గా అదే అంటోంది: ఒక టర్న్‌లో స్పెల్ కోసం ఒక్క స్లాటే ఖర్చు చేయాలి. పదేళ్లు తప్పుగా గుర్తుపెట్టుకున్నవాళ్లే చివరికి నెగ్గారు.

రోగ్ ప్రతి టర్న్‌లో స్నీక్ అటాక్ చేస్తున్నాడని డీఎం "వెనక నుంచి దాక్కుని వస్తేనే" అన్నాడు. న్యాయమేనా?

కాదు. ఈ పేజీలో నేను ఇంత సూటిగా కాదనేది దీన్నొక్కదాన్నే. కొత్త డీఎంలు ఎక్కువగా చేసే పని కూడా ఇదే.

స్నీక్ అటాక్ అంటే రోగ్ (దొంగ తరహా పాత్ర) దెబ్బకు అదనపు డైస్ ఇచ్చే శక్తి. పేరులో స్నీక్ ఉంది కాబట్టి దాక్కోవాలనుకుంటారు. పుస్తకం అడిగేది అది కాదు. దాడికి అడ్వాంటేజ్ ఉండాలి, లేదా డిసడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి చిన్న అంకె తీసుకోవడం) లేకుండా, శత్రువుకు ఐదడుగుల లోపల మీ మనిషి ఒకరు నిలబడి ఉండాలి. ఆయుధం ఫినెస్ రకమో (చురుకుదనంతో వాడేదో) దూరం నుంచి వేసేదో కావాలి. టర్న్‌కి ఒక్కసారే. ఇవి కుదిరితే అదనపు డైస్ వస్తాయి.

ఐదో లెవెల్ రోగ్ ఈ డైస్ గుప్పెట్లో పోసి దొర్లిస్తుంటే డీఎంకి గుండె గుభేలుమంటుంది. లెక్క చూస్తే అంత లేదు. రేపియర్ అనే సన్నటి కత్తికి ఒక డీ8 (ఎనిమిది ముఖాల డైస్), డెక్స్టెరిటీ (చురుకుదనం) 4, స్నీక్ అటాక్ మూడు డీ6లు: తగిలితే సగటు 19. పక్కనే ఉన్న ఫైటర్ రెండు చేతుల కత్తితో రెండుసార్లు కొడతాడు. ఒక్కో దెబ్బ రెండు డీ6లు, పైన 4, అంటే సగటు 11, రెండూ తగిలితే 22. రోగ్ ముందు లేడు, వెనకే ఉన్నాడు. పైగా ఒక్క దెబ్బ తప్పితే అతని టర్న్ పోయినట్టే.

ఆ ఆటగాడు పుస్తకం చదివి, ఆ శక్తి ఉందనే రోగ్‌ని ఎంచుకున్నాడు. ఆట మధ్యలో దాన్ని కోసేస్తే అతను రెండు నెలల నుంచి ఆడుతున్న పాత్ర వేరే పాత్ర అయిపోతుంది. నిజంగా మార్చక తప్పదనిపిస్తే పాత్రనూ మార్చుకునే అవకాశం ఇవ్వండి. అది కనీస మర్యాద.

అసలు "అఫీషియల్" అంటే ఎవరి మాట? డిజైనర్ ట్వీట్ చూపిస్తే ఒప్పుకోవాలా?

పుస్తకం, దానికి కంపెనీ విడుదల చేసే సవరణలు, అంటే ఎర్రాటా, ఇవి అఫీషియల్. సేజ్ అడ్వైస్ అనేది 1979లో డ్రాగన్ పత్రికలో ప్రశ్నలు జవాబుల శీర్షికగా మొదలైంది. అంటే ఆట పుట్టి ఆరేళ్లు కాకముందే "ఈ రూల్‌కి అర్థం ఏమిటి" అని ఉత్తరాలు రాసేవాళ్లు తయారయ్యారు. ఐదో ఎడిషన్ కాలంలో దాని రూల్స్ డిజైనర్ జెరెమీ క్రాఫర్డ్ ట్విటర్‌లో జవాబులిచ్చేవారు, జనం వాటిని కోర్టు తీర్పుల్లా దాచుకునేవారు. తర్వాత కంపెనీయే తేల్చింది: ట్వీట్లు సలహాలు మాత్రమే, సేజ్ అడ్వైస్ సంకలనంలోకి ఎక్కినవే అధికారిక తీర్పులు.

అన్‌ఎర్త్‌డ్ ఆర్కానా పేరుతో ఇప్పుడు వచ్చేవి పరీక్షకు పెట్టిన ముసాయిదాలు. కంపెనీ లోగో ఉన్నంత మాత్రాన అవి రూల్స్ అయిపోవు. అదే పేరుతో 1985లో వచ్చిన పుస్తకం మాత్రం అసలు పుస్తకమే. పేరు ఒకటే కావడంతో పాత, కొత్త ఆటగాళ్లు ఒకరినొకరు అపార్థం చేసుకోవడం చూస్తుంటాం.

పుస్తకంలో రాసింది ఒకటి, వాళ్ల ఉద్దేశం ఇంకొకటిలా ఉంటే?

అక్షరాలా రాసినదాన్ని ఆర్ఏడబ్ల్యూ అంటారు, రాసినవాళ్ల ఉద్దేశాన్ని ఆర్ఏఐ అంటారు. రెండిటికీ పడని చోట్లు నిజంగా ఉన్నాయి. 2014లో ఇన్‌విజిబుల్ అయిన జీవి మీద దాడికి డిసడ్వాంటేజ్. ఆ వాక్యంలో "కనబడకపోతే" అనే షరతు లేదు. కాబట్టి సీ ఇన్‌విజిబిలిటీ స్పెల్ వేసుకుని అతన్ని స్పష్టంగా చూస్తున్నా, అక్షరాలా చదివితే మీకు డిసడ్వాంటేజ్ పోదు! నాకు తెలిసిన ఏ డీఎం కూడా అలా ఆడించడు. 2024లో, చూడగలిగినవాళ్లకు అది వర్తించదని చేర్చి సరిచేశారు.

రెండో వైపు వెర్రి కూడా ఉంది. వేలమంది రైతుల్ని వరుసగా నిలబెట్టి, అందరూ రెడీ యాక్షన్‌తో (ముందే సిద్ధమై ఉండి, సమయం రాగానే చేసే పనితో) ఒక బల్లేన్ని చేతులు మార్చుకుంటూ పోతే ఆరు సెకన్లలో అది మైళ్లు దాటుతుంది, కాబట్టి చివరివాడు విసిరితే కోట కూలిపోవాలి అనే వాదన ఆటగాళ్లలో ఎప్పటినుంచో ఉంది. రెడీ యాక్షన్ దగ్గర అక్షరాలా రూల్ కావాలి, కోట దగ్గరికొచ్చేసరికి ఫిజిక్స్ కావాలి. అక్షరాలా చూస్తే అది ఒక మామూలు బల్లెం దెబ్బ. 2024 డీఎం గైడ్‌లో రూల్స్ ఫిజిక్స్ కావని చెబుతూ ఈ ఉదాహరణనే ఎత్తి చూపారు. వాదన ఎంత దూరం పాకిందో దాన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఆట కనిపెట్టినవాళ్లు దీని గురించి ఏమనుకున్నారు?

రెండు మాటలూ అన్నారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన మొదటి డీ అండ్ డీ మూడు చిన్న పుస్తకాలు. అందులో ఖాళీలు ఎంత ఎక్కువంటే హౌస్ రూల్స్ లేకుండా ఆడటం దాదాపు అసాధ్యం. పైగా మీ ఊహనే వాడుకోండి అన్న ధోరణిలోనే ముగుస్తుంది.

దాంతో ప్రతి ఊళ్లో ఒక్కో ఆట తయారైంది. కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఏరో హాబీస్ అనే దుకాణం చుట్టూ ఆడే బృందం దొంగ పాత్రను సృష్టించుకుంది. ఆ సంగతి గైగాక్స్ చెవిన పడింది, 1975లో గ్రేహాక్ అనుబంధంలో థీఫ్ క్లాస్ అయి కూర్చుంది. పైన మనం మాట్లాడుకున్న రోగ్‌కి మూలం అదే. ఆరిజోనాలో కెన్ సెయింట్ ఆండ్రేకి ఆ పుస్తకాలు మరీ చిక్కుగా అనిపించి, అదే ఏడాది టనల్స్ అండ్ ట్రోల్స్ అని సొంత ఆటే రాసేశారు. స్టీవ్ పెరిన్ పోరాటాల కోసం రాసుకున్న హౌస్ రూల్స్ 1976లో పెరిన్ కన్వెన్షన్స్ పేరుతో చేతులు మారాయి. రెండేళ్లకి ఆయన రూపొందించిన రూన్‌క్వెస్ట్ వచ్చింది.

క్రిట్ సంగతి చూడండి. ఎం.ఎ.ఆర్. బార్కర్ 1975లో తెచ్చిన ఎంపైర్ ఆఫ్ ద పెటల్ థ్రోన్‌లో 20 పడితే రెండింతల దెబ్బ. జనానికి తెగ నచ్చేసింది. గైగాక్స్‌కి నచ్చలేదు. 1979 డీఎం గైడ్‌లో దాన్ని గట్టిగా ఖండించారు. ఆయన కాదన్నా టేబుళ్ల మీద అది ఆగలేదు. రెండో ఎడిషన్‌లో ఐచ్ఛిక రూల్‌గా దూరి, 2000లో మూడో ఎడిషన్‌కి అసలు రూల్ అయింది. ఇప్పుడు క్రిట్ లేని డీ అండ్ డీని ఊహించండి చూద్దాం.

అదే 1979 పుస్తకం ముందుమాటలో ఆట అన్ని చోట్లా ఒకేలా ఉండాలంటారు గైగాక్స్. చివరిమాటలో అక్షరం కంటే ఆట స్ఫూర్తే ముఖ్యమంటారు. ఇవాళ వాదించుకునే ఇద్దరూ ఆ ఒక్క పుస్తకంలోంచే ప్రమాణం తెచ్చుకోవచ్చు. ఆయన సొంత టేబుల్ మీద ఆ పుస్తకంలోని రూల్స్ అన్నీ వాడలేదని తర్వాత ఆయనే చెప్పారు.

కన్వెన్షన్‌లో, అపరిచితులతో ఆడేటప్పుడు?

అక్కడ పుస్తకమే. అడ్వెంచరర్స్ లీగ్ (ఎవరైనా చేరగల డీ అండ్ డీ ఆటల లీగ్) లాంటి వాటిలో మీ పాత్ర ఇవాళ ఒక డీఎం దగ్గర, రేపు ఇంకొకరి దగ్గర ఆడుతుంది. డీఎం తీర్పు చెప్పవచ్చు, సొంత రూల్ పెట్టకూడదు. నచ్చకపోతే ఇంట్లో ఆడుకోవడమే.

వేరే ఆటల్లోనూ ఇంతేనా?

ఆటను బట్టి మారుతుంది. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో కావాల్సిన అంకెను పది దాటితే క్రిట్. అందుకే ఒక +1 ఇస్తే తగిలే అవకాశంతోపాటు క్రిట్ అవకాశం కూడా పెరుగుతుంది. డీ అండ్ డీ అలవాటుతో "పోనీ, +2 తీసుకో" అని ఉదారంగా పంచేస్తే ఆ ఆట కొన్ని వారాల్లోనే గాడి తప్పుతుంది.

బేకర్ దంపతులు 2010లో తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్, దాని బాటలో వచ్చినవి ఇంకో తీరు. రెండు డీ6లు వేస్తారు. పది, ఆ పైన వస్తే జరుగుతుంది. ఏడు నుంచి తొమ్మిదైతే జరుగుతుంది కానీ ఏదో మూల్యం ఉంటుంది. ఆరు, ఆ లోపైతే ఆట నడిపేవారు తమ ఎత్తు వేస్తారు. ఆ ఎత్తులేమిటో, ఎప్పుడు వేయాలో, వాళ్లు ఏ సూత్రాలకు కట్టుబడాలో కూడా రూల్సే. ఆ రూల్స్ నడిపేవారికీ వర్తిస్తాయి కాబట్టి అక్కడ "నేను జీఎంని (ఆట నడిపేవాడిని), నా ఇష్టం" చెల్లదు.

ఇంకో పక్క 1991 నాటి వాంపైర్: ద మాస్కరేడ్. రూల్స్ నచ్చకపోతే పక్కన పెట్టేయమనడమే దాని బంగారు సూత్రం.

డీఎం మా సీనియర్. తప్పని తెలిసినా "అన్నా, అలా కాదు" అనడానికి మొహమాటం. ఎలా?

మన గ్రూపుల్లో ఇది బాగా ఉంది. డీఎం సాధారణంగా పుస్తకాలు కొన్నవాడు, ఇంట్లో చోటిచ్చినవాడు, వయసులోనూ పెద్దవాడు. ఎదురు చెబితే ఏమనుకుంటాడో అని నలుగురూ ఊరుకుంటారు. ఊరుకున్నారు కాబట్టి అందరికీ ఇష్టమే అని ఆయన అనుకుంటాడు. మూడు నెలలకి ఒకరికి ఆఫీసు పని, ఇంకొకరికి చుట్టాల పెళ్లి, మూడో వారం ఆటే ఉండదు. అసలు కారణం ఆయనకు ఎప్పటికీ తెలియదు.

నలుగురిలో చెప్పకండి, ఆట మధ్యలో అసలు చెప్పకండి. మర్నాడు విడిగా కలిసో, ఫోన్ చేసో మాట్లాడండి. "రూల్ తప్పు చెప్పావన్నా" అని మొదలుపెడితే పుస్తకం గురించి పోట్లాట మొదలవుతుంది, అందులో మీరు గెలిచినా ఓడినట్టే. "అన్నా, నిన్న ఆ స్నీక్ అటాక్ తీసేశాక ఫైట్‌లో నాకు చేయడానికి ఏమీ మిగల్లేదు" అని జరిగిన నష్టం చెప్పండి. దానికి ఎదురు వాదన ఉండదు. ఒక గ్రూపులో ఒకమ్మాయి ఈ మాటే చెబితే, డీఎం "అవునా, నీకు బోర్ కొడుతోందని తెలీదు తల్లీ" అని మరుసటి ఆటకే రూల్ మార్చేశాడు.

మీరే డీఎం అయితే, మీ జూనియర్ల మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. "ఎవరికైనా అభ్యంతరమా?" అని అందరి ముందు అడిగితే మనవాళ్లలో ఎవరూ చెయ్యెత్తరు.

ఆట మధ్యలో గొడవ వస్తే ఎవరి మాట చెల్లాలి?

అప్పటికి డీఎంది. పుస్తకం ఆట అయ్యాక చూసుకుంటారు, తప్పయితే తర్వాతి సారి నుంచి సరిదిద్దుకుంటారు. ఒక్క మినహాయింపు: పాత్ర ప్రాణం ఆ రూల్ మీదే ఆధారపడి ఉంటే ఆట ఆపి పుస్తకం తీయండి. రెండేళ్లు ఆడిన పాత్ర చచ్చిపోయాక "అయ్యో, నిన్న నేను తప్పు చెప్పాను" అంటే ఎవరికి ఉపయోగం?

స్క్రీన్ (డైస్ కనబడకుండా పెట్టుకునే అడ్డు) వెనక డీఎం అంకెలు మారుస్తున్నాడు. అది హౌస్ రూలా?

కాదు. అందరికీ తెలిసినదే రూల్ అవుతుంది. చేయాలా వద్దా అన్నదానిపై మంచి డీఎంలలోనే రెండు వర్గాలున్నాయి. నేను అందరి ముందే రోల్ చేస్తాను. రాక్షసుడి డైస్ ఎదురుగా దొర్లుతుంటే ఆ టెన్షన్‌కి సాటి లేదు.

కొత్తవాళ్లకో, చిన్నపిల్లలకో రూల్స్ సడలించవచ్చా?

హాయిగా. ఆటలో అరటిపండు మనకు కొత్త కాదు. కాకపోతే పదేళ్లు దాటిన పిల్లలకు అది ఇట్టే తెలిసిపోతుంది, ఒప్పుకోరు కూడా. వాళ్లకు రూల్ సడలించే బదులు తేలికైన పాత్ర ఇవ్వండి.

మా హౌస్ రూల్స్‌ని పుస్తకంగా వేసి అమ్ముకోవచ్చా?

ఆట పద్ధతికి సాధారణంగా కాపీరైట్ ఉండదు, దాన్ని రాసిన మాటలకు ఉంటుంది. భావానికి కాక, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే రక్షణ అని మన సుప్రీంకోర్టు కూడా 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. డీ అండ్ డీ విషయంలో పని ఇంకా సులువైంది. 2023 జనవరిలో లైసెన్స్ మార్చబోయి పెద్ద గొడవ తెచ్చుకున్న విజర్డ్స్, ఆ నెలాఖరుకే ఎస్‌ఆర్‌డీ 5.1 అనే మూల రూల్స్ పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసింది. 2024 రూల్స్ ఆధారంగా వచ్చిన 5.2ని కూడా 2025లో అలాగే ఇచ్చారు. మూలం పేర్కొంటే చాలు, తెలుగులోకి మార్చి అమ్ముకోవచ్చు. ఆ పత్రంలో లేని కథాలోకాల పేర్లు, పాత్రల పేర్ల జోలికి మాత్రం వెళ్లకండి.

హౌస్ రూల్స్ రాసిపెట్టుకోవాలా? ఎలా?

రాయండి. వాట్సాప్ గ్రూప్‌లో పిన్ చేసిన ఒక మెసేజ్ చాలు. ఒక పేజీ దాటితే ఎవరూ చదవరు. ఏ ఏడాది పుస్తకమో మొదట రాయండి, తర్వాత మార్పులు. ఇలా:

"2014 పుస్తకం. పోషన్ బోనస్ యాక్షన్, పక్కవాడికి పట్టడం మాత్రం యాక్షన్. ఫ్లాంకింగ్ లేదు. ఫంబుల్ లేదు. డెత్ సేవ్‌లు (ప్రాణం మీదికొచ్చినప్పుడు వేసే రోల్స్) డీఎంకి మాత్రమే కనబడేలా వేయాలి. బరువు లెక్క లేదు, కానీ నిచ్చెన మోస్తున్నావంటే ఎక్కడ కట్టావో చెప్పాలి."

పెట్టుకున్న రూల్ పనిచేయకపోతే?

తీసేయండి, కానీ రెండు ఆటల మధ్య తీసేయండి. కొత్త రూల్ పెట్టేటప్పుడే "మూడు సెషన్లు చూద్దాం" అని గడువు చెప్పి పెడితే ఇంకా మేలు. గడువు లేకుండా పెట్టిన రూల్ తీయాలంటే దాన్ని కనిపెట్టినవాడికి చిన్నతనంగా అనిపిస్తుంది. గడువుంటే ఎవరూ ఎవరినీ తప్పుపట్టక్కర్లేదు, గడువు అయిపోయింది అంతే. ఆ మూడు సెషన్లలో ఆ రూల్ వల్ల లాభపడ్డవాళ్లను అడగొద్దు, నష్టపోయినవాళ్లను అడగండి.